మార్చింది ఒకటి, వారంటీ పోయేది మొత్తానికా?

కారు యజమానులకు, సర్వీస్ సెంటర్ల వారికి, వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులకు విన్నపం

హైదరాబాద్, విజయవాడ, విశాఖ రోడ్ల మీద ఇవాళ టర్బో పెట్రోల్ కార్లకు కొదవ లేదు. బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు కొందరు ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌ను (ఈసీయూ) రీమ్యాప్ చేయించుకుంటున్నారు, ఇన్‌టేక్ మారుస్తున్నారు, మంచి బ్రేక్ ప్యాడ్లు, గట్టి స్ప్రింగులు వేయించుకుంటున్నారు. అది వాళ్ల ఇష్టం, వాళ్ల డబ్బు. ఆ తరవాత సర్వీస్ సెంటర్లో ఎదురవుతున్న అన్యాయం గురించే ఈ కరపత్రం.

వానాకాలంలో సన్‌రూఫ్ నుంచి నీళ్లు కారి కార్పెట్ తడిసిందని కారు తీసుకెళ్తారు. అడ్వైజర్ స్కానర్ తగిలిస్తాడు. ఈసీయూలో ఫైలు మారినట్టు తెలుస్తుంది. ఇక సన్‌రూఫ్ మాట ఎవరూ ఎత్తరు. జాబ్ కార్డ్ మీద ‘మాడిఫైడ్ వెహికల్, వారంటీ వర్తించదు’ అని ఒక్క ముక్క రాసి, ఎస్టిమేట్ చేతిలో పెడతారు. సన్‌రూఫ్ మూలల నుంచి పిల్లర్ల లోపలగా కిందికి దిగే సన్నటి డ్రెయిన్ గొట్టాలుంటాయి. వాటిలో ఒకటి ఊడినా, మూసుకుపోయినా నీళ్లు క్యాబిన్‌లోకి వస్తాయి. ఇంజిన్‌లో బూస్ట్ పెంచినందుకు ఈ గొట్టం ఎందుకు ఊడుతుంది? ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఎక్కడో చేసిన మార్పుకు ఇక్కడ శిక్ష వేస్తున్నారు.

మేం అడిగేది ఇది: మార్పు వల్లే ఫలానా భాగం పాడైందని కంపెనీ కాగితం మీద రుజువు చూపాలి. చూపితే ఆ భాగం ఖర్చు యజమాని పెట్టుకుంటాడు. చూపలేకపోతే వారంటీ కింద రిపేర్ చేసి ఇవ్వాలి. కారు మొత్తానికి వారంటీ రద్దు చేసే పద్ధతి పోవాలి.

కంపెనీల వాదనలో నిజం లేదని మేం అనడం లేదు. 1.5 లీటర్ల టీఎస్‌ఐ ఇంజిన్ ఫ్యాక్టరీ నుంచే 250 ఎన్‌ఎం టార్క్ ఇస్తుంది. దానికి జోడించే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్ మోయగల హద్దు కూడా అంతే. అలాంటి కారుకు రీమ్యాప్ చేయించి టార్క్ ఇంకా పెంచాక క్లచ్ కాలిపోతే, ఆ బిల్లు కంపెనీ నెత్తిన వేయడం న్యాయం కాదు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ కోసం రాసిన ఫైలు ఎక్కించి, మామూలు పెట్రోల్ పోసి తొక్కితే నాకింగ్ వస్తుంది, పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. అదీ యజమాని భరించాల్సిందే. ట్యూనర్ దగ్గర ఫైలు ఎక్కించుకునే ముందే ఈ లెక్క తెలుసుకోవాలి.

పేచీ వచ్చేది వీటికి మధ్యలో ఉన్న కేసుల్లో. వాటర్ పంప్ ప్లాస్టిక్ హౌసింగ్ పగిలి కూలెంట్ కారిందనుకోండి. ఇంజిన్ వేడి పెరగడం వల్ల పగిలిందని కంపెనీ అంటుంది. ఏ మార్పూ లేని కార్లలో కూడా ఇదే హౌసింగ్ పగులుతోందని యజమాని అంటాడు. ఎవరి మాట నిజమో తేల్చే ఆధారాలన్నీ కంపెనీ దగ్గరే ఉన్నాయి. అదే పార్ట్ నంబర్ హౌసింగ్‌లు మార్పు లేని కార్లకు ఎన్ని మార్చారో వాళ్ల వారంటీ రికార్డుల్లో ఉంటుంది. ఫాల్ట్ కోడ్ పడిన క్షణంలో కూలెంట్ వేడి ఎంతో, ఇంజిన్ మీద లోడ్ ఎంతో ఈసీయూలో నమోదై ఉంటుంది. ఆ డేటా చదివే స్కానర్ వాళ్లది. విప్పిన పార్ట్ కూడా వాళ్ల బల్ల మీదే ఉంది. యజమాని చేతిలో ఉన్నది కొన్న బిల్లు, సర్వీస్ బుక్ మాత్రమే. అతణ్ని పట్టుకుని నువ్వే నిరూపించు అనడం ఏం ధర్మం? ఒక విషయం ప్రత్యేకంగా ఎవరికి తెలుసో, దాన్ని నిరూపించే బాధ్యత వాళ్లదేనని మన పాత సాక్ష్య చట్టం 106వ సెక్షన్ ఏనాడో చెప్పింది. మేం అడుగుతున్నది ఆ సూత్రాన్ని సర్వీస్ కౌంటర్ దాకా తెమ్మనే.

ఇది దేశంలో కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా కట్టడి చేస్తున్నారన్నది అభియోగం. బయట రిపేర్ చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే షరతు పెట్టకూడదని, బయటి పని లోపం వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చని ఆ ఆదేశంలో చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆ కేసు బయటి రిపేర్ల గురించి, మాడిఫికేషన్ల గురించి కాదు, ఒప్పుకుంటాం. అయినా నష్టం ఎంతవరకో నిరాకరణ అంతవరకే అన్న కొలత రెండు చోట్లా సరిపోతుంది.

అమెరికాలో 1975 నుంచే మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. మా బ్రాండ్ పార్టే వాడితేనే వారంటీ అని షరతు పెట్టడానికి అక్కడ వీల్లేదు. బయటి పార్ట్ వల్లే నష్టం జరిగిందని కంపెనీ చూపించాలి. 2018లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి షరతులు పెట్టిన ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది, అందులో కార్ల రంగం కూడా ఉంది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో కార్లు కొనుక్కున్న మన పిల్లలకు ఉన్న ఈ రక్షణ మియాపూర్‌లో కొన్నవాళ్లకు ఎందుకు ఉండకూడదు?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. అది ఎంచుకున్న రంగాల్లో ఆటోమొబైల్ ఒకటి. ఆ శాఖ ఇప్పుడు ఒక అడుగు ముందుకు వేయాలి. వారంటీ నిరాకరణకు ఒక నిర్ణీత ఫారం పెట్టాలి. ఏ భాగం, ఏ మార్పు, ఆ మార్పు ఈ భాగాన్ని ఎలా పాడు చేసింది, ఏ పరీక్షలో తేలింది, ఎవరు చూశారు అన్నవి అందులో రాసి, సంతకం పెట్టి, స్కానర్ ప్రింట్ జతచేసి యజమానికి ఇవ్వాలి. ఆ ఫారం ఇవ్వకుండా కాదంటే, ఆ నిరాకరణ చెల్లదని రూల్స్‌లో రాయాలి. పేచీ తెగకపోతే, కంపెనీతో సంబంధం లేని ఇంజినీరు చేత తనిఖీ చేయించాలి. ఆ ఖర్చు ఓడినవారు భరించాలి.

మన బాధ్యత కూడా ఉంది, ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాం. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసి, చెవులు చిల్లులు పడే సైలెన్సర్ పెట్టి తిరిగేవాళ్ల తరఫున మేం లేము. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా ఉంది, జైలు శిక్షకూ వీలుంది. సర్వీస్‌కి వెళ్లే ముందు రోజు ట్యూనర్ దగ్గరికి పరుగెత్తి పాత ఫైలు ఎక్కించుకునే అలవాటు మానాలి. చాలా ఈసీయూల్లో ఎన్నిసార్లు ఫైలు రాశారో లెక్క ఉంటుంది, దొరికిపోతాం. ఒకడు దాస్తే పది మంది నిజం చెప్పినా నమ్మరు. ఏం మార్చామో, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చామో బిల్లులతో ఒక ఫైలు పెట్టుకోండి. జాబ్ కార్డ్‌లో మీరే రాయించండి.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. వారంటీ లేదు అని నోటిమాటతో పంపిస్తే కదలకండి, రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే అక్కడే ఈ-మెయిల్ పంపండి. డబ్బు కట్టి పార్ట్ మార్పించుకోవాల్సి వస్తే, ‘నా హక్కులు వదులుకోకుండా చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాసి సంతకం పెట్టండి, విప్పిన పాత పార్ట్ ఇంటికి తెచ్చుకోండి, అదే రేపు మీ సాక్ష్యం. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కారుకు చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు ఉంటున్న ఊరి పరిధిలోనే వేయవచ్చు, వకీలు లేకుండా కూడా వేయవచ్చు, రెండేళ్లలోపు వేయాలి. పరీక్ష చేస్తే తప్ప లోపం తేలదనుకుంటే, పార్ట్‌ని ల్యాబ్‌కు పంపే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కమిషన్‌కు ఇచ్చింది. ఫిర్యాదులోనే ఆ పరీక్ష కోరండి. అదే పార్ట్ నంబరు మీద కంపెనీ వారంటీ రికార్డులు కమిషన్ ముందుకు తెప్పించమని కూడా అందులోనే అడగండి.