మా పిల్లగాండ్లకు ఠాణా ఒక్కటేనా?

తార్నాక చౌరస్తాలో రాత్రి పదకొండు దాటాక చాయ్ తాగుతూ నిలబడ్డ కుర్రవాణ్ణి పోలీసులు ఆపుతారు. "ఎక్కడుంటవ్?" అంటారు. "ఓయూ హాస్టల్ సార్" అంటే చాలాసార్లు మాట అక్కడితో ముగుస్తుంది. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో ఈ జవాబు నాకూ పనికొచ్చింది. కాని నాకు రెండో ప్రశ్న కూడా ఉండేది: "పేరేంది?" పేరు చెప్పాక నా జేబులు తడిమిన రాత్రులున్నాయి. పక్కనే ఉన్న నా దోస్తు జేబులు ఎవరూ తడమలేదు. ఆ దోస్తు లౌకికవాది, మంచివాడు. రూముకొచ్చాక "పోనీ భాయ్, వాళ్ళ డ్యూటీ వాళ్ళు చేసిన్రు" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఊరుకోవడం మాకు చిన్నప్పుడే నేర్పుతారు.

ఇప్పుడు ఊరుకోదలచుకోలేదు. మా ఆపా కొడుక్కి పదహారేళ్ళు. పదో తరగతి తప్పి బండ్ల మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఒక రాత్రి సెల్‌ఫోన్ దొంగతనం అనుమానంతో వాణ్ణి ఒక ఠాణాకు తీసుకుపోయారు. తెల్లారేదాకా బెంచీ మీద కూచోబెట్టారు. నాలుగు దెబ్బలు వేశారు. తల్లికి కబురు లేదు. పొద్దున "వీడు కాదు" అని వదిలేశారు. కేసు లేదు, కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి జరిగిందనడానికి సాక్ష్యమూ లేదు. కాని షాపు సేటుకు కాగితం అక్కర్లేదు. "రేపట్నించి రాకు బేటా, గిరాకీ పోతది" అన్నాడు. నిర్దోషి అని రాసిచ్చే చీటీ ఏ ఠాణాలో దొరుకుతుంది?

చట్టం ఇట్లా లేదు. 1986 బాలల న్యాయ చట్టంలో మగపిల్లల వయసు హద్దు 16 ఏళ్ళు. 2000 చట్టం దాన్ని 18కి పెంచింది. ఇప్పుడున్నది 2015 చట్టం. దాని ప్రకారం ప్రతి ఠాణాలో పిల్లల సంగతి చూసే ఒక సంక్షేమ అధికారి ఉండాలి. పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు. తల్లిదండ్రులకు వెంటనే చెప్పాలి. పట్టుకుంటే 24 గంటల లోపల జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తేవాలి. ఆ బోర్డులో మెజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూచుంటారు, వాళ్ళలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ. చిన్న నేరాలకు ఎఫ్.ఐ.ఆర్. రాయకుండా, డైరీలో రాసుకొని, ఇంటి పరిస్థితుల నివేదికతో బోర్డుకు పంపమని 2016 నియమాలు చెప్తాయి. తప్పు చేశాడని తేలినా సరే, వాడికి మళ్ళీ కొత్తగా బతుకు మొదలుపెట్టే హక్కుందని చట్టం ఒప్పుకుంది. తప్పు చేయని మా పిల్లవాడికి ఆ హక్కు దక్కలేదు.

మరి ఈ నగరం మా పిల్లల గురించి పనిగట్టుకుని ఆలోచించి అమలు చేసిన కార్యక్రమం ఏది? ఆపరేషన్ చబుత్రా. 2015లో పాతబస్తీలో రాత్రిపూట గల్లీల్లో, అరుగుల మీద కూచున్న కుర్రవాళ్ళను పోలీసులు పోగుచేసి, తల్లిదండ్రుల్ని పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు. మంచికే కదా, అర్ధరాత్రి పిల్లలకు రోడ్డు మీద ఏం పని అని మావాళ్ళూ కొందరు మెచ్చుకున్నారు. రెండు గదుల ఇంట్లో ఏడుగురు పడుకునే చోట చబుత్రాయే మా బైఠక్‌ఖానా, మా రీడింగ్ రూము, మా ఆటస్థలం. ఆర్ట్స్ కాలేజీ ముందు రాత్రి కూచుంటే అది చర్చ. మా గల్లీలో చబుత్రా మీద కూచుంటే అది పోలీసులు కుదర్చాల్సిన రోగం. ఇదెక్కడి న్యాయం?

మొత్తం దేశంలో ఈ అనుమానం ఎక్కడికి చేరుస్తుందో లెక్కలున్నాయి. 2011 జనగణనలో ముస్లింలు నూటికి 14 మంది. 2015 జైలు లెక్కల్లో విచారణ ఖైదీలు వందమందిలో దాదాపు 21 మంది ముస్లింలు. మన నగరంలో 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిందీ మేమే, ఆ తర్వాత అనుమానితులమూ మేమే. పట్టుకుపోయిన యువకుల్ని కోర్టులు నిర్దోషులన్నాయి. ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు అది చెల్లదంది. పోయిన ఏళ్ళకు లెక్క కట్టే దారి కూడా మిగల్లేదు.

క్యాంపస్ మిత్రులారా, ఇక మీతో ఒక మాట. మీరు చదివే ఈ విశ్వవిద్యాలయాన్ని 1918లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉర్దూ మాధ్యమంతో పెట్టాడు. తార్నాక అన్న పేరులోనే నాకా ఉంది. మహ్‌లఖా బాయి చందా తోటకు తీగెల కంచె వేసి కాపలా పెట్టిన చోటు గనుక ఆ పేరొచ్చిందని చెబుతారు. తోట పోయింది. నాకా మాత్రం మా పిల్లల కోసం మిగిలింది. 2009-10లో తెలంగాణ కోసం మీరు లేచినప్పుడు క్యాంపస్ మీద లాఠీలు విరిగాయి, బాష్పవాయువు కురిసింది, కేసుల మీద కేసులు పడ్డాయి. "పిల్లల భవిష్యత్తు ఏం గాను?" అని ప్రొఫెసర్లు, కవులు, వకీళ్ళు గొంతెత్తారు. మేమూ ఎత్తాం. 2014లో రాష్ట్రం వచ్చాక ఉద్యమ కేసుల్ని ప్రభుత్వం ఎత్తేసింది. సరైన పని. కాని అదే భవిష్యత్తు క్యాంపస్ గోడ అవతల మాణికేశ్వర్‌నగర్‌లో రాళ్ళు కొట్టే ఇంటి పిల్లవాడికి లేదా? లాలాపేటలో స్పానర్ పట్టిన ముస్లిం పిల్లవాడికి లేదా? మీ పిల్లలది ఆవేశం, మా పిల్లలది నేరస్వభావం ఎట్లా అయింది?

"నేరాన్ని వెనకేసుకొస్తున్నారా?" అని అడుగుతారని తెలుసు. లేదు. 2022 మే నెలలో జూబ్లీహిల్స్ దారుణంలో ఆరుగురు నిందితుల్లో ఐదుగురు 18 నిండనివాళ్ళు. నేను ఆ ఆడపిల్ల పక్షం. ఆమెకు న్యాయం జరగడంలో రాజీ లేదు. అయితే ఆ కేసులో ఒక సంగతి చూశాం. ఎవరిని పెద్దవాళ్ళుగా విచారించాలి, ఎవరిని పిల్లలుగా చూడాలి అని బోర్డులో, పై కోర్టులో అక్షరమక్షరం వాదనలు జరిగాయి. బాలల న్యాయ చట్టం ఉందని నగరానికి అప్పుడు గుర్తొచ్చింది. పలుకుబడి ఉన్న ఇళ్ళ దాకా నడిచొచ్చే చట్టం సెల్‌ఫోన్ దొంగతనం అనుమానం దగ్గరికి ఎందుకు నడవదు? అంత పెద్ద నేరానికి దొరికిన విచారణ, ఏ నేరమూ లేనివాడికి ఎందుకు దొరకదు?

ఎందుకంటే ఇది పోలీసు పని అనుకుని అందరూ చేతులు దులుపుకున్నారు. ఇది నగరం పని, కార్పొరేషన్ పని. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు 18 పనులు చూపించింది. మోరీలు, రోడ్లే కాదు, బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ, మురికివాడల అభివృద్ధి, ఆటస్థలాలు కూడా అందులో ఉన్నాయి. 2009లో మొదలైన కేంద్ర బాలల సంరక్షణ పథకం వార్డుకొక బాలల కమిటీ ఉండాలంది. 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు ఆ బాధ్యతను పట్టణ సంస్థలకు మళ్ళీ గుర్తుచేశాయి. తార్నాక డివిజన్ అంటే మనకేం గుర్తొస్తుంది? ఫ్లైఓవరు, యూటర్ను, నాలా పూడిక. నాలాలో ఎంత పూడిక తీశారో టన్నుల్లో చెప్తారు. ఏ గల్లీలో ఎందరు బడి మానేశారో, ఎందర్ని రాత్రి ఠాణాకు తీసుకుపోయారో, ఎందరికి వకీలు దొరికాడో రాసిన కాగితం మీ వార్డు ఆఫీసులో ఎప్పుడైనా చూశారా?

ఇంగ్లండు, వేల్స్‌లో 1998 నాటి చట్టం ప్రకారం ప్రతి స్థానిక కౌన్సిలు ఏటా బాలల న్యాయ ప్రణాళిక రాసి బయటపెట్టాలి. పోలీసు, బడి, ఆస్పత్రి, ప్రొబేషన్ వాళ్ళు ఒక్కచోట కూచోవాలి. అక్కడేదో స్వర్గం ఉందని కాదు. నల్లజాతి పిల్లల్నే ఎక్కువగా పడుతున్నారన్న గొడవ అక్కడా తీరలేదు. కాని గొడవ పెట్టుకోవడానికి వాళ్ళ చేతిలో ఒక కాగితముంది. మాకు అదీ లేదు.

తప్పంతా బయటే ఉందని చెప్పి తప్పించుకోను. మా పెద్దలు పిల్లవాణ్ణి పట్టుకుపోయాక ఠాణాకొస్తారు. "బచ్చా హై సాబ్, మాఫ్ కరో" అంటారు. చేయని తప్పుకు మాఫీ ఎందుకు అడగాలి? విడిపించినందుకు ఎన్నికలప్పుడు ఓట్లు అడుగుతారు. ఒక్కరైనా చట్టం పుస్తకం చేతబట్టి, సంక్షేమ అధికారి ఎక్కడ అని అడిగారా? మసీదు కమిటీ వజూఖానా నల్లాల కోసం కార్పొరేషన్‌కు అర్జీ పెడుతుంది. పిల్లల కోసం అర్జీ ఎవరు పెడతారు? సిఫారసు మీద బతకడం అలవాటైతే హక్కు అడగడం మరిచిపోతాం.

మేం భిక్ష అడగడం లేదు. కార్పొరేటర్ పాలన ఉన్నా, ప్రత్యేకాధికారి పాలన ఉన్నా, వార్డు బాలల కమిటీ కాగితం మీంచి దిగి బస్తీ తల్లులతో కలిసి కూచోవాలి. నగరం ఏటా తన పిల్లల న్యాయ ప్రణాళిక రాసి అందరికీ చూపాలి. ఉర్దూను 2017లో రాష్ట్రానికి రెండో అధికార భాష చేశారు. సంక్షేమ అధికారి పేరు, ఫోన్ నంబరు ప్రతి ఠాణా గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాయండి. గంటసేపు కూచోబెట్టినా సరే, రాతలో పెట్టండి. పిల్లలకు ఉచిత వకీలు 1987 చట్టం ఇచ్చిన హక్కు. క్యాంపస్‌లోనే లా కాలేజీ ఉంది. లాలాపేట నుంచి నడిచిపోయే దూరం. అక్కడి విద్యార్థులు వారానికొక రాత్రి బస్తీలో కూచుంటే సెక్యులరిజం మీద పది సెమినార్ల కన్నా ఎక్కువ పనవుతుంది.

మొన్న మా ఆపా కొడుకు అడిగాడు: "మామూ, ఈసారి ఆపితే నేను గూడ ఓయూ అని చెప్పాల్నా?" వద్దన్నాను. "నీ పేరు చెప్పు. మీ అమ్మీకి ఫోన్ చేయమను. రాసుకోమను" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. ఆ మాట అన్నందుకు ఇంకో నాలుగు దెబ్బలు పడతాయేమో అని వాడి భయం. నా భయమూ అదే. ఆ భయం ఉన్నంతవరకు, మిత్రులారా, మా దగ్గరికొచ్చి ప్రధాన స్రవంతిలో కలవమని చెప్పకండి. ముందు ఆ ఠాణా గోడ మీద ఆ నంబరు రాయించండి.