ట్యాబ్ ఇస్తే సరిపోదు, మన పిల్లలకు యంత్రాన్ని ప్రశ్నించడం నేర్పాలి

"ఏజెన్సీ పిల్లలకు కోడింగ్ ఎందుకండీ, ముందు అక్షరాలు రానివ్వండి" అనేవాళ్లు ఒక పక్క. "ట్యాబ్ చేతికిచ్చాం, ఇక వాళ్ల బతుకు మారిపోయినట్టే" అనేవాళ్లు ఇంకో పక్క. ఈ రెండు మాటలూ మనకొద్దు. మొదటి మాట మన పిల్లల్ని తక్కువ చేస్తుంది. రెండో మాట మనల్ని మభ్యపెడుతుంది.

కోడింగ్ బ్రహ్మవిద్యేం కాదు. పనిని మెట్లు మెట్లుగా విడగొట్టి, "ఇలా ఉంటే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి" అని యంత్రానికి చెప్పడమే. థింసాలో అవే అడుగులు మళ్లీ మళ్లీ వేసే పిల్లకు 'లూప్' అంటే ఏమిటో చెప్పడానికి కరెంటు కూడా అక్కర్లేదు. స్క్రాచ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకసారి కంప్యూటర్లో ఎక్కిస్తే సిగ్నల్ లేని ఊళ్లో కూడా పనిచేస్తుంది. తూకమెంత, ధరెంత, సంతలో షావుకారు కోసుకున్న తరుగెంత అని లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం ఏడో తరగతి పిల్ల రాయగలదు. వాళ్లమ్మ మోసుకొచ్చిన చింతపండుకు ఎంత రావాలో ఆ పిల్లే చెబుతుంది. మనకు కోడింగ్ కావాల్సింది ఇందుకు.

మరి ఏ భాషలో చెబుతారు? 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ అంది. వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు చెప్పాలని కూడా అంది. మొదటి మాటకు ఉన్న ప్రచారం రెండో మాటకు ఏది? ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణమే చెబుతోంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. సవరల సోరంగ్ సోంపెంగ్ లిపి 2012లోనే ఎక్కింది. అంటే కంప్యూటర్‌కు మన అక్షరాలు తెలుసు. మన ఊళ్లలో చాలా బడులకే తెలియవు!

ఎవరు చెబుతారన్నది ఇంకో ప్రశ్న. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. పిల్లల భాష తెలిసిన టీచర్ లేని బడిలో ట్యాబ్ ఏం చేస్తుంది? 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలున్న ట్యాబులు పంచారు. రెండేళ్లు నిండకముందే, 2024 జూలైలో, ఆ కంపెనీ మీద దివాలా విచారణ మొదలైంది. కంపెనీలు వస్తాయి, పోతాయి. ఊరి టీచర్ ఊళ్లోనే ఉంటారు.

ఇక 'బాధ్యతగా వాడండి' అనే మాట. ఓటీపీ చెప్పొద్దు, లోన్ యాప్ జోలికి పోవద్దు, తెలియనివాళ్లకు ఫొటోలు పంపొద్దు. ఇవన్నీ పిల్లలకు తప్పకుండా చెప్పాలి. కానీ బాధ్యత మన పిల్లలదేనా? ఉపాధి హామీ పనిలో కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఎక్కించాలని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. కొండ మీద సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే, పొద్దంతా మట్టి మోసిన తల్లి ఆ రోజు పనికి రానట్టే లెక్క. "ఫొటో ఉంటే హాజరు, లేకపోతే లేదు." ఇదీ కోడింగే. ఆ నియమం దేవుడు రాయలేదు, మనుషులే రాశారు. మనుషులు రాసినదాన్ని మనుషులే మార్చొచ్చు. పిల్లలకు చెప్పాల్సిన మొదటి పాఠం ఇది.

2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కించింది. వాళ్ల వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంది. కోయ, కువి మాత్రమే వచ్చిన తల్లి చేత ఇంగ్లీషులో ఉన్న 'ఒప్పుకుంటున్నాను' నొక్కిస్తే అది అనుమతి ఎలా అవుతుంది?

అందుకే మనం అడగాల్సినవి ఇవి:

1. ప్రతి ఆశ్రమ పాఠశాలలో పనిచేసే కంప్యూటర్లు, నిలకడైన కరెంటు ఉండాలి. పాఠం ఇంటర్నెట్ మీద ఆధారపడకూడదు.

2. కోడింగ్ మొదటి పాఠాలు గోండి, కోయ, కొలామి, సవర, కువి భాషల్లో రావాలి. వాటిని మన టీచర్లు, మన చదువుకున్న యువత కూర్చుని రాయాలి.

3. జీవో 3 స్థానంలో స్థానిక ఆదివాసీ టీచర్ల నియామకానికి గట్టి చట్టం తేవాలి.

4. ఏ యాప్ పిల్లల వివరాలు తీసుకుంటుందో, ఎందుకో, ఎవరికిస్తుందో ముందుగా గ్రామసభలో మన భాషలో చెప్పాలి.

అడవిలో ఏ చెట్టు ఎవరిదని అడగడం మనవాళ్లకు తాతల కాలం నుంచి తెలుసు. ఈ యాప్ ఎవరిది, ఈ నియమం ఎవరు రాశారు అని కూడా మన పిల్లలు అడగాలి. అడగడం నేర్పని కోడింగ్ మనకొద్దు. అడగడం నేర్పే కోడింగ్ మన హక్కు.