మూయని కన్ను

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున లోయర్ మెరియన్ విద్యామండలి తన ఉన్నత పాఠశాలల విద్యార్థులకు లాప్‌టాప్‌ల నొసగెను. పోయిన యంత్రముల జాడ తీయుటకై, వాని కెమెరాలు తమంత చిత్రములు తీసి పంపునట్లు ఏర్పాటుండెను. ఆ సంగతి పిల్లలకు గాని, తలిదండ్రులకు గాని తెలుపలేదు. యంత్రము దొరికిన పిదపను కొన్ని సందర్భములందు నిఘా కొనసాగి, వేలకొలది చిత్రములు చేరెను. 2010లో వ్యాజ్యములు లేవగా, మండలి 6,10,000 డాలర్లకు రాజీపడెను.

చూడగల శక్తి చూచుటకు హక్కు కాజాలదు. కెమెరాయు, మైక్రోఫోనును లాప్‌టాప్‌లోనే అమరి వచ్చుచున్న నేడు, యంత్రము నిచ్చెడి పాఠశాల అది ఏమి చూచునో, ఏమి వినునో ముందుగా చెప్పి తీరవలెను. కెమెరాపై కాగితపు ముక్క అంటించుకొనుట విద్యార్థి జాగ్రత్త. ఆ యవసరము రానీయకుండుట గురువుల ధర్మము.