అమ్మమ్మ పుట్టింటి పేరు

ఫ్రెంచివారి వలస అనగానే మనకు యానాం గుర్తుకు వస్తుంది. 1954 దాకా అది వాళ్ల ఏలుబడిలోనే ఉన్నది గదా! కాని నేనిప్పుడు చెప్పబోయేది సముద్రాల కావలి సంగతి. కెనడాలో క్విబెక్ అనే రాష్ట్రం ఉన్నది. 1608లో ఫ్రెంచివారు అక్కడ ఊరు కట్టుకున్నారు. ఆ వలసదారుల సంతతివారు ఈనాటికీ ఫ్రెంచే మాట్లాడుతారు. పది, పన్నెండు తరాల వెనుకకు వెళ్లి తమ పూర్వులెవరో వెదుక్కోవడమంటే వాళ్లకు ఎంతో సరదా.

వెదకబోతే మొదటి చిక్కు ఇంటిపేరుతోనే. కొన్ని కుటుంబాలకు రెండేసి ఇంటిపేర్లు! రెంటి నడుమ ‘ది’ అనే మాట చేరుస్తారు. మన దస్తావేజుల్లో ‘ఉరఫ్’ అని వ్రాస్తారే, అదన్నమాట. ‘మివీల్ ది దెషేన్’ అలాంటి కుటుంబమే. 1665లో పద్నాలుగవ లూయీ 1,200 మందికి పైగా సైనికులను అక్కడికి పంపాడు. పటాలంలో సిపాయిలకు మారుపేర్లుండేవి. లాఫ్లేర్ అంటే పువ్వు, సాన్‌సూసీ అంటే చీకూచింతా లేనివాడు. వాళ్లలో సుమారు 400 మంది భూములు పుచ్చుకుని అక్కడే ఉండిపోయారు. వాళ్లతోపాటు ఆ మారుపేర్లూ ఉండిపోయాయి. కొడుకుల్లో ఒకడు మొదటి పేరు ఉంచుకుంటే ఇంకొకడు రెండవది పట్టుకునేవాడు. మూడు తరాలు గడిస్తే అన్నదమ్ముల బిడ్డలు పరాయివాళ్లే! తరువాత పొట్ట చేతపట్టుకుని అమెరికా మిల్లులకు వెళ్లినవాళ్లు కొందరు పేర్లను ఇంగ్లీషు చేసుకున్నారు. పచ్చని అడవి అని అర్థం వచ్చే ‘బ్వావేర్’ అక్కడ ‘గ్రీన్‌వుడ్’ అయి కూర్చున్నది.

ఇక పెట్టిన పేర్లు. బాప్తిస్మం నాడు మగబిడ్డ పేరుకు ముందు జోసెఫ్, ఆడబిడ్డ పేరుకు ముందు మరీ చేర్చడం ఆచారం. జ్ఞాన తల్లిదండ్రుల పేరూ కలిపేవారు. ఆ పైన పిలుపు పేరు. పుస్తకంలో చూస్తే ఒకే ఇంట్లో అందరూ జోసెఫులే! పిల్లలు దక్కకపోతే మనవాళ్లు పెంటయ్య, పిచ్చయ్య అని పెట్టేవారు. వాళ్లు పోయిన బిడ్డ పేరే తరువాతి బిడ్డకు పెట్టేవారు.

మరి ఇంత చిక్కుముడి ఎలా విడుతున్నది? ఆడవాళ్ల వల్ల! పెళ్లయినా సరే, చర్చి పుస్తకాల్లోనూ నోటరీ పత్రాల్లోనూ స్త్రీకి పుట్టింటి పేరే ఉండేది. చివరకు ఖననం నాడు కూడా అదే. భర్త పేరు ఎన్ని వేషాలు వేసినా, భార్య పుట్టింటి పేరు చూసి ఇది ఫలానా సంసారమని తేల్చవచ్చు. 1663-73 నడుమ రాజుగారి ఖర్చు మీద ఓడలెక్కి వచ్చిన పెళ్లికాని పడుచులు సుమారు 800 మంది. చాలామంది తండ్రి లేని బీదపిల్లలు. వాళ్ల పేర్లను ఈనాటి సంతతివారు గర్వంగా చెప్పుకుంటున్నారు. 1981 నుంచి క్విబెక్‌లో పెళ్లి తరువాత కూడా స్త్రీ పుట్టింటి పేరే వాడాలని చట్టమయింది.

మన సంగతి చూడండి. తాత ముత్తాతల పేర్లు తద్దినాల నాడైనా తలుచుకుంటాము. ఆడపిల్ల ఇంటిపేరుకు మాత్రం శుభలేఖే ఆఖరి మజిలీ. మా అమ్మమ్మ పుట్టింటి పేరు మా అమ్మ చెప్పగలిగింది. అమ్మమ్మను కన్నతల్లిది ఏ ఇంటిపేరో చెప్పేవాళ్లు మా చుట్టాల్లో ఒక్కరూ మిగలలేదు. ఆమె వైపు దారి అక్కడితో మూసుకుపోయింది.

1640లో క్విబెక్ చర్చి తగలబడి పేర్ల పుస్తకాలన్నీ బూడిదయ్యాయి. జ్ఞాపకం మీద వాటిని మళ్లీ వ్రాసుకున్నారు. జ్ఞాపకమున్నవాళ్లు బ్రతికి ఉన్నారు గనుక సరిపోయింది. మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే, ఈ ఆదివారం ఆమె దగ్గర కూర్చుని వాళ్ల అమ్మది, అమ్మమ్మది పుట్టింటి పేర్లు అడగండి. పద్దుల పుస్తకం ఆఖరి పేజీలోనైనా సరే, వ్రాసి ఉంచండి.