మెడల్ డైరెక్టరుకి, దుమ్ము కూలోడికి

అణుబాంబు చరిత్ర ఏది తిరగేసినా సైంటిస్టుల పేర్లుంటాయి, జనరల్స్ పేర్లుంటాయి. రాయి తవ్వినోళ్ల పేరు ఒక్కటి కనపడితే ఒట్టు. యురేనియం లేకుండా ఏ సైంటిస్టు ఏం చేయగలడు?

అందులో ఎక్కువ భాగం ఆఫ్రికాలోని కాంగో నుంచి పోయింది. అప్పుడది బెల్జియం వలస దేశం. కటాంగాలో షింకొలోబ్వే గని యూనియన్ మినియేర్ అనే బెల్జియం కంపెనీది. వేరే గనుల్లో నూటికి ఒక పాలు యురేనియం ఆక్సైడు దొరికితేనే గొప్ప. ఇక్కడి మేలిరకం రాయిలో నూటికి 65 పాళ్లు! కంపెనీ డైరెక్టరు ఎడ్గార్ సెంజియే 1940లో సుమారు 1,200 టన్నులు న్యూయార్కు గోడౌనుకి చేర్చాడు. 1942 సెప్టెంబరులో అమెరికా సైన్యం దాన్ని కొనేసింది. నీళ్లు నిండి మూతబడ్డ గనిని కూడా మళ్లీ తెరిపించింది.

ఆ రాయిని చేత్తో ఏరింది నల్లజాతి కూలీలు. అదే కంపెనీ కార్మికులు 1941 డిసెంబరులో కూలి పెంచమని సమ్మె చేస్తే, ఇప్పటి లుబుంబాషిలో సైనికులు తుపాకులు పేల్చారు. పదుల మంది చచ్చిపోయారు. స్వేచ్ఛ కోసం యుద్ధం అని ప్రపంచమంతా చాటుతున్న రోజులవి. ఆ స్వేచ్ఛలో కాంగో కూలోడి వాటా ఏది?

కెనడాలో గ్రేట్ బేర్ సరస్సు ఒడ్డున ఇంకో గని. దాని ఖనిజం గోతాలను డెనె ఆదివాసులు వీపున మోశారు. అందులో ఏముందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. 1998లో డెలీనె ఊరి డెనెలు హిరోషిమాకి పోయి, మా నేల రాయి మీ మీద బాంబయి పడిందని బాధపడి క్షమాపణ చెప్పొచ్చారు. మోసినోడు సిగ్గుపడ్డాడు. అమ్ముకున్నోడికి ఆ బాధ లేకపోయింది.

సెంజియే ముందుచూపు వల్లే ఆ 1,200 టన్నులు హిట్లర్ చేతిలో పడలేదు గదా అంటారు కొందరు. ఒప్పుకుందాం. కానీ ముందుచూపు గోతిలో దిగి రాయి తీయదు. చేతులు తీస్తాయి. సెంజియేకి అమెరికా 1946లో మెడల్ ఇచ్చింది. కాంగోలో దొరికిన ఒక యురేనియం ఖనిజానికి సెంజీరైట్ అని ఆయన పేరే పెట్టారు. తవ్వినోళ్లకి మిగిలింది దుమ్ము.

అన్నలారా, అక్కలారా! దేశ రక్షణ, రహస్యం అనే మాటలు ఎవరు పలికినా మనం మూడు ప్రశ్నలు వేయాలి. గోతిలో దిగేదెవరు? వాళ్లకు ముందే ఏం చెప్పారు? రేపు రోగమొస్తే చూసేదెవరు? వీటికి జవాబు రాకుండా పలుగు ఎత్తొద్దు.