హాజరు పట్టీకి అందని పనులు

ఆంధ్ర విశ్వకళాపరిషత్ ఉపకులపతి గారికి,

అయ్యా, గాజువాకలో పొద్దున్నే బస్సెక్కే పీజీ విద్యార్థినిని ఊహించండి. పాపను అమ్మమ్మ దగ్గర దింపి వచ్చింది. అమ్మమ్మకు జ్వరమొస్తే ఆ రోజు క్లాసు పోయినట్టే. ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి, పక్షవాతంతో మంచం పట్టిన తండ్రిని కేజీహెచ్‌కు తిప్పే కొడుకుదీ అదే అవస్థ. హాజరు శాతం లెక్కలో వీళ్లూ, సినిమాకు చెక్కేసినవాళ్లూ ఒకటే!

పీహెచ్‌డీ చేసే మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుకు యూజీసీ 2016 నిబంధనల్లోనే వీలు కల్పించింది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకూ ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా నిబంధనలు రాసుకోమని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలను కోరింది. మంచాన పడ్డ పెద్దలను చూసుకునేవాళ్ల ఊసు ఆ రెండింటిలోనూ లేదు. బిడ్డను ఒంటరిగా సాకే తండ్రి సంగతీ అంతే.

1926లో పుట్టిన మన విశ్వవిద్యాలయం ఇందుకు ఢిల్లీ కాగితం కోసం చూడాలా? ఆసుపత్రి చీటీ చూపితే హాజరు సడలించే అధికారం విభాగాధిపతులకు ఇవ్వండి. లైబ్రరీకి దగ్గర్లో ఒక గది, రెండు ఉయ్యాలలు, ఒక ఆయా ఉంటే మొదలుపెట్టడానికి చాలు. ఉన్న నిబంధనలను ప్రతి విభాగం నోటీసు బోర్డు మీదా తెలుగులో అతికించండి. అడగొచ్చని తెలిస్తే కదా, అడిగేది.

ఇట్లు,
మద్దిలపాలెం నుంచి ఒక పూర్వ విద్యార్థిని