గోడలు చదివే బడి

ఈ నెల మన గిర్నీల సంగతి పక్కన పెట్టి, ఇంగ్లండులో ఎనిమిది వందల ఏండ్ల కింద కట్టిన ఒక మఠం సంగతి రాస్తున్నా. క్రైస్తవ సన్యాసుల మఠంతో మనకేం పని అనుకోకండి. ఉన్ని, అప్పు, కూలి, మూతపడటం – మనకు తెలిసినవన్నీ అందులో ఉన్నాయి.

లీడ్స్‌లో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలున్నప్పుడు వారానికొక పూట పెద్దవాళ్ల తరగతికి పోయేవాణ్ణి. పాత చర్చీలు, మఠాలు ఎట్లా చూడాలో నేర్పే తరగతి అది. పరీక్ష లేదు, సర్టిఫికెట్టు లేదు. వచ్చేవాళ్లు చాలావరకు రిటైరైనవాళ్లే. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ గోడ ముందు నిలబెట్టి, వేలుపెట్టి చూపిస్తూ చెప్తే అర్థం కాకపోవడానికి ఏముంది?

మేము ఎక్కువగా చూసింది ఎయిర్ నది ఒడ్డునున్న కర్క్‌స్టాల్ మఠం. 1152లో సిస్టర్షియన్ సన్యాసులు కట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు పైకప్పు లేదు, గోడలు మాత్రం ఎత్తుగా నిలబడి ఉన్నాయి. మొదటి పాఠం కమానులది. కిటికీలు, తలుపుల మీద కమానులు గుండ్రంగా ఉన్నాయి. లోపల స్తంభాల మధ్యవి కొనదేలి ఉన్నాయి. గుండ్రనిది పాత పద్ధతి, కొనదేలింది అప్పుడప్పుడే వస్తున్న కొత్త పద్ధతి. కాలం మారుతున్న సమయంలో కట్టిన గుడి అని రాళ్లే చెప్తాయి. బట్ట అంచు చూసి ఏ ఊరి నేతో చెప్పే మన పెద్దవాళ్లకు ఈ విద్య కొత్తేమీ కాదు.

నన్ను ఆపేసింది మాత్రం పడమటి వైపున్న కట్టడం. ఆ మఠంలో రెండు రకాల మనుషులుండేవాళ్లు. చదువుకున్న సన్యాసులు రేయింబవళ్లలో ఎనిమిదిసార్లు ప్రార్థన పాడేవాళ్లు. పొలాలు, గొర్రెలు, మరమ్మతులు చూసుకునేది ‘లే బ్రదర్స్’ అనే పనివాళ్లు. వాళ్లూ మొక్కుకుని వచ్చినవాళ్లే. అయినా పడక వేరు, భోజనం వేరు, గుడిలో నిలబడే చోటు వేరు. వాళ్ల కట్టడానికీ సన్యాసుల ముంగిలికీ మధ్య ఒక సందు ఉంది, నడిచే దారి కూడా వేరే. ఆ సంఘం నియమం ప్రకారం ఈ పనివాళ్ల చేతికి పుస్తకం ఇవ్వకూడదు. నాలుగు ప్రార్థనలు నోటికి నేర్చుకుంటే చాలు. పనిచేసేవాడికి అక్షరమెందుకు అన్న మాట అంత పాతది. ఆ సందులో నిలబడితే అది రాతితో కట్టి కనిపిస్తుంది.

మఠానికి బతుకుతెరువు గొర్రెల ఉన్ని. ఇటలీ వ్యాపారులు ముందే డబ్బిచ్చి, ఇంకా గొర్రె ఒంటి మీదున్న ఉన్నిని ఏండ్లకేండ్లు ముందుగా కొనేసేవాళ్లు. గొర్రెలకు గజ్జి రోగం తగిలితే ఉన్ని లేదు, అప్పు మాత్రం మిగిలేది. 1284 నాటికి కర్క్‌స్టాల్ అప్పు ఐదువేల పౌండ్లు దాటింది. సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని మగ్గం మీద కూర్చున్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

1539లో ఎనిమిదో హెన్రీ రాజు హయాంలో మఠం మూసేశారు. తర్వాత ఒక కాలంలో బండ్ల బాట గుడి నడిమధ్య నుంచే పోయేది. 1779లో గోపురం చాలావరకు కూలింది. అదే నది ఒడ్డున, కొంచెం దిగువన ఆర్మ్‌లీ మిల్లు ఉంది. ఒకప్పుడు లోకంలోకెల్లా పెద్ద ఉన్ని మిల్లుల్లో అదొకటి. అది కూడా మూతపడి ఇప్పుడు మ్యూజియం అయింది. మఠమైనా మిల్లయినా మూతపడ్డాక నిలవాలంటే, దాన్ని చదవగలిగే మనుషులు ఊళ్లో ఉండాలి.

అట్లాంటి మనుషుల్ని తయారుచేసింది పనివాళ్ల బడే. 1903లో ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్ అనే గుమాస్తా, ఆయన భార్య ఫ్రాన్సెస్ కలిసి పనివాళ్ల చదువు కోసం ఒక సంఘం పెట్టారు. 1908లో బట్టల మిల్లుల ఊరు రాచ్‌డేల్‌లో, కుండల కార్ఖానాల ఊరు లాంగ్టన్‌లో ఆ సంఘం పెద్ద తరగతులు మొదలయ్యాయి. పాఠం చెప్పింది ఆర్. హెచ్. టానీ అనే చరిత్రకారుడు. ఒక గంట పాఠం, ఒక గంట వాదన. మూడేండ్లు మానకుండా వస్తామని, పదిహేను రోజులకొక వ్యాసం రాస్తామని ముందే మాటివ్వాలి. పదహారో శతాబ్దపు భూముల మీద టానీ 1912లో పుస్తకం వేసినప్పుడు, నేతగాళ్లు, కుమ్మరులు, గనివాళ్లు తనతో చేసిన వాదనల వల్ల ఎంతో నేర్చుకున్నానని ముందుమాటలో ఒప్పుకున్నాడు. పుస్తకం ముట్టకూడదన్న పనివాళ్ల జాతే పుస్తకం రాసేవాడికి గురువైంది.

ఇక మన సంగతి. మన గిర్నీలు ఒక్కొక్కటి నేలమట్టమవుతున్నాయి. జాగా ఎవరికి పోయిందో వార్త వస్తుంది. రీలింగు ఖాతాలో మన అమ్మలు ఏ కిటికీ పక్కన నిలబడ్డారో, పాళీ మారేటప్పుడు ఏ గేటు దగ్గర టిఫిన్ డబ్బాలు చేతులు మారేవో ఎక్కడా రాసిలేదు. అది తెలిసినవాళ్లకు డెబ్బై ఏండ్లు దాటాయి. “ఈ వయసులో మాకు చదువేంది” అంటారు వాళ్లు. నేర్పాల్సింది వాళ్లే, రాసుకోవాల్సింది మనం.

ఖర్చు పెద్దగా లేదు. ఒక ఆదివారం పూట, ఒక నోటుబుక్కు, ఒక టేపు. మిగిలిన గోడ దగ్గరికి పెద్దవాళ్లను పిలుచుకుపోయి అడగండి: ఈ తలుపు ఎందుకింత వెడల్పు? ఈ మెట్లు ఎవరెక్కేవాళ్లు? ఎవరు ఎక్కకూడదు? రాసింది పత్రికకు పంపండి, అచ్చు వేద్దాం. గోడ పడిపోయాక అడగడానికి ఎవరూ ఉండరు.